బోరు నీళ్ళలో ఈదిన పురుగు

1981 ఎండాకాలం. వరంగల్‌లో ఒక కాలేజీ వాటర్ ల్యాబులో నేను రీసెర్చ్ అసిస్టెంట్‌ని. పల్లెల్లో బోరు నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసేసే మార్గం వెతకడం మా పని. ఫ్లోరైడ్ రాతి పొరల్లోంచి నీళ్ళలోకి దిగుతుంది. హద్దు దాటితే ముందు పళ్ళు గారపడతాయి, తరువాత ఎముకలు బిగుసుకుపోతాయి. పటిక, సున్నం కలిపి నీళ్ళు తేర్చి దాన్ని తీసేసే డ్రమ్ము ఒకటి తయారుచేశాం. ఉన్నది అదొక్కటే. దాన్ని ఏ ఊరికి పంపాలో తేల్చే పరీక్షలు నా చేతిలో ఉండేవి. దాంతో నేను కాస్త ఎగిరిపడేవాణ్ణి కూడా.

తొర్రూరు దారిలో ఒక ఊరు, పేరు రాయను. మిట్టమధ్యాహ్నం బస్సు దిగాను. అరుగు మీద నలుగురు మగవాళ్ళు అటు తిరిగి కూర్చుని ఉన్నారు.

"పెద్దయ్యా, బోరింగు ఎక్కడ?" అని కేకేశాను.

ఒక్కరూ మెడ తిప్పలేదు. నలుగురూ చేతులు అరుగుకి ఆనించి, ఒళ్ళు మొత్తం నెమ్మదిగా నా వైపు తిప్పారు. వాళ్ళలో ఎవరికీ నలభై ఐదు దాటి ఉండవు. ఒకతను చెయ్యి చాపి దారి చూపించాడు.

బోరింగు పక్క ఇల్లు యాకమ్మది. కూలి పనికి పోయే మనిషి. మంచం వాల్చి కూర్చోబెట్టింది, చెంబుతో నీళ్ళిచ్చింది. ఆమె కూతురు సుజాతకు మూడేళ్ళు. కోడిపిల్లల వెంట పరుగెత్తుతోంది గానీ మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి.

"బిడ్డ నడక జర తేడ కొడ్తాంది సారూ. ఏ నీళ్ళు తాపాలె?" అని అడిగింది.

"పరీక్ష చేసి కార్డు రాస్తాను" అన్నాను.

మా పనిలో మొదటి నియమం శాంపిల్, అంటే పరీక్షకు తీసే నీళ్ళు, మన చేత్తోనే పట్టుకోవాలి. బోరింగు కాసేపు కొట్టి, పాత నీళ్ళు పోయాక సీసా నింపాలి. ఆ రోజు నాకు ఎండ, బద్ధకం. "ఇది నింపుకురా అమ్మా" అని ప్లాస్టిక్ సీసా ఆమె చేతికిచ్చాను. ఆమె లోపలికి తీసుకెళ్ళి, కడిగి, నింపి తెచ్చింది. ఇక నుంచి నెలకొక సీసా బస్సు కండక్టరుకి ఇవ్వమని చెప్పి వచ్చేశాను. ఎందుకో చెప్పలేదు.

ల్యాబులో ఆ నీళ్ళకు స్పాడ్న్స్ కలిపాను. అదొక ఎర్రటి ద్రవం. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుంది. ఇక్కడ ఎరుపు చెక్కుచెదరలేదు. ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చే మా నల్లా నీళ్ళలా ఉన్నాయి. రెండో నెల, మూడో నెల కూడా అంతే. "రోగం వేరే ఏదో అయ్యుంటుంది" అన్నారు మా ప్రొఫెసర్. డ్రమ్ము వేరే ఊరికి వెళ్ళింది. నేను యాకమ్మకు కార్డు రాశాను: బోరింగు నీళ్ళు మంచివి, పాపకు అవే తాగించు.

కాగితం మీద ఆ ఊరికి ఏ లోపమూ లేదు. ఒంటరిగా ల్యాబులో కూర్చున్నప్పుడు మాత్రం నా వెనక ఎవరో ఒళ్ళంతా తిప్పుకుని చూస్తున్నట్టుండేది. రెండుసార్లు లేచి తలుపు వేసుకున్నాను. ఏడాది దాటింది.

ఒక నెల వచ్చిన సీసాను కిటికీ వెలుగులో పట్టుకున్నాను. లోపల ఆవగింజంత పురుగు ఒకటి ఈదుతోంది. ఆ బోరు నూట యాభై అడుగుల లోతు, చుట్టూ రాయి. అక్కడి నుంచి బతికిన పురుగు ఎలా వస్తుంది? అది ఆగుతూ, కదులుతూ నా వేళ్ళ దాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. మర్నాడే బస్సెక్కాను.

అరుగు మీద ఈసారి ముగ్గురే ఉన్నారు. నేను పలకరించకుండా నేరుగా బోరింగు దగ్గరికి పోయి, పది నిమిషాలు కొట్టి, నా చేత్తో గాజు గొట్టం నింపాను. వెంట తెచ్చిన స్పాడ్న్స్ పోశాను. చూస్తుండగానే ఎరుపు పాలిపోయింది. రక్తం లేని ముఖంలా అయింది.

"యాకమ్మా, ఇన్నాళ్ళూ ఏ నీళ్ళు పంపావు?"

"చెర్వు కింది బాయి నీళ్ళు సారూ. తియ్యగుంటయి. రెండు మైళ్ళు పోయి తెస్త."

"బోరింగువి ఎందుకు పంపలేదు?"

ఆమె నొచ్చుకుంది. "గా ఉప్పు నీళ్ళు ఇంటికచ్చిన సుట్టానికే పొయ్యం. పట్నంల ఉన్న మీకెట్ల పంపుత?"

అప్పుడు సుజాత గడప దగ్గరికి వచ్చింది. పరుగెత్తలేదు. తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. మోకాళ్ళు అతుక్కుపోయి, పాదాలు దూరంగా విడిపోయి ఉన్నాయి.

"దీనికి?" అన్నాను.

"నడక తేడ కొట్టినంక దీనికి గూడ బాయి నీళ్ళే తాపిన సారూ. మీ కార్డు అచ్చినంక బంద్ జేసిన. దీనికి బోరింగువి, మీ సీసకు బాయివి."

జరిగింది ఆమెకు చెప్పక తప్పలేదు, చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సుజాతను దగ్గరికి లాక్కుని అంది: "సీస ఎందుకో ఒక్కమాట చెప్తే అయిపోవు గద సారూ."

వారంలో డ్రమ్ము బస్సు టాపు మీద ఆ ఊరు చేరింది. సుజాత కాళ్ళు అంతకు మించి వంగలేదు, నిటారుగానూ కాలేదు. తరువాత ఎన్నో ఊళ్ళు తిరిగాను. ఎక్కడికి పోయినా సీసా బయటికి తీసేముందు ఆ ఇంటి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని అదెందుకో చెబుతాను. నాకు ఏ నీళ్ళిస్తున్నారో, పిల్లలకు ఏ నీళ్ళిస్తున్నారో అడుగుతాను. పిల్లలు తాగే బిందెలోంచే ముంచి ఇమ్మని, ముందు నేను ఒక గ్లాసు తాగుతాను.