ధూపం వచ్చాక కూర్చున్నాను

అరబ్బు దేశంలోని ఉనైజాలో ఆ వేసవి శుక్రవారం ఎవరికీ తొందర లేదు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఖర్జూర తోట యజమాని అబూ సాలెం మాకు భోజనం పెట్టి, దిండ్లకు ఆనుకుని కబుర్లలోకి దిగాడు. నన్ను తీసుకెళ్లిన డ్రైవర్ ఖాదర్‌ది కడప. పెద్దాయన అరబ్బీని అతనే నాకు తెలుగులో చెబుతున్నాడు. యాలకుల కాఫీ గహ్వా కప్పు మీద కప్పు వస్తూనే ఉంది.

అంతలో ఆయనే స్వయంగా ధూపం పట్టుకొచ్చాడు. మా నిర్మల్‌లో ధూపం వేశారంటే పూజ మొదలైనట్టే. హారతిలా కళ్లకద్దుకుని, అసలు ముచ్చట ఇప్పుడే ఉందనుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

ఖాదర్ నా మోకాలు గిల్లాడు.

"లెయ్యన్నా! ఈడ ధూపం తెచ్చినారంటే మర్యాదలన్నీ అయిపోయినట్టు. ఇంగ మనం పోవాల."

సిగ్గుతో లేవబోయాను. సంగతేమిటని పెద్దాయన అడిగాడు. ఖాదర్ చెప్పగానే గడ్డం ఊగేలా నవ్వి, నా భుజం పట్టి కూర్చోబెట్టాడు. మళ్లీ గహ్వా, మళ్లీ ఖర్జూరాలు, మళ్లీ కబుర్లు.

పొద్దు వాలాక నేనే లేచాను. ఈసారి ధూపం తేలేదేమని అడిగించాను. పెద్దాయన తల అడ్డంగా ఊపుతూ ఏదో అన్నాడు.

ఖాదర్ నవ్వాడు. "నీకు ఇంగెప్పుడూ ధూపం తేడంట అన్నా!"