అమావాస్య నాడు కంటి పరీక్ష

మా మనవరాలు ఏడో నెలలోనే పుట్టింది. గాజుపెట్టెలో ఉంచి, ఆక్సిజన్ ఇచ్చి బతికించారు. మూడు వారాలకు ఇంటికి పంపుతూ పిల్లల డాక్టరు మా అమ్మాయినీ నన్నూ కూర్చోబెట్టి చెప్పారు. నెలలు నిండని బిడ్డకు కంటి లోపలి పొరలో రక్తనాళాలు పూర్తిగా అల్లుకుని ఉండవు. ప్రాణం నిలిపిన ఆక్సిజనే ఎక్కువైతే వాటిని దారి తప్పించవచ్చు. పైకి ఏమీ కనబడదు. పుట్టిన నెలలోపు కంటి డాక్టరుకు చూపించాలి. ఆలస్యమైతే చూపే పోవచ్చు.

గరివిడి ఫ్యాక్టరీలో ఆక్సిజన్ సిలిండర్ల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి. మీటరు చూడకుండా ఎవరినీ మర తిప్పనిచ్చేవాణ్ణి కాదు. ఆ మాట నాకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది.

విజయనగరంలో కంటి డాక్టరు ఇచ్చిన రోజు అమావాస్య. తిథి వేయకుండా డైరీలో ఒక్క పేజీ రాయని నాకు అది తెలియక కాదు. మా ఇళ్లలో మూడో నెల దాకా పసిబిడ్డను గుమ్మం దాటించరు. దాటిస్తే మొదట అరసవల్లి సూర్యనారాయణస్వామి దగ్గరికే. మా అప్ప, నా సొంత అక్క, స్వామికి వెండి కళ్లు అప్పుడే మొక్కేసింది.

"ఒరే, దీని కళ్లు సూడు, దీపాల్లాగ ఎలా ఎలుగుతన్నాయో! ఏటి రోగం దీనికి?"

"జబ్బు లోపల ఉంటాదప్పా."

"లోపల నీకెలాగ అగుపించింది? రిటైరయ్యాక డాక్టరు సదువు సదివినావేటి?"

"నాకు అగుపించదనే ఎల్తన్నాను."

"అమాస నాడా! సామి కంటే పెద్ద డాక్టరా వోడు?"

"సామి మూడు నెలలు ఆగుతాడు. పిల్ల కన్ను ఆగదు."

కారు వచ్చేసరికి అప్ప గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

"నన్ను దాటి ఎల్లు, సూద్దుం."

"లెగు. లెగకపోతే దాటే ఎల్తాను."

"పెద్దదాన్ని దాటుతావేట్రా?"

"దాటుతాను."

బిడ్డను హత్తుకుని మా అమ్మాయి నా వెనకే నిలబడింది. అప్ప నా ముఖం చూసి కాళ్లు ముడుచుకుంది. "దిష్టి తగల్నీ, అప్పుడు సెప్తాను నీ పని" అంటూనే బిడ్డ పొత్తిళ్లలో వేపరెమ్మ దోపింది.

డాక్టరు చుక్కల మందు వేసి, రెప్పలు తెరిచిపెట్టి, నుదుటి మీది దీపంతో చాలాసేపు చూశారు. బిడ్డ ఏడ్చి ఏడ్చి ఎర్రబడింది. రెండు కళ్లలోనూ నాళాలు అప్పటికే పెడదారి పట్టాయి. "మూడో నెలకి వచ్చుంటే నేను చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు" అన్నారు. ఆ వారంలోనే లేజరు చేశారు. చూపు నిలిచింది.

"మా సామే నీ సేత తీసుకెల్లించినాడు" అంది అప్ప. అనుకోనీ. కానీ డాక్టరుకు మళ్లీ చూపించాల్సిన రోజే బారసాలకు ముహూర్తం పెట్టించింది. ఇంతకంటే మంచి ముహూర్తం ఈ నెలలో లేదన్నారు పురోహితులు.

"అయితే వచ్చే నెలలో చూడండి" అన్నాను.

"సుట్టాలందరికీ సెప్పీసేన్రా!" అంది అప్ప.

"మల్లీ సెప్పు" అని కారుకి ఫోన్ చేశాను.