గ్రేసీ కొలతకు కుర్చీ

బాలస్వామి వెల్డింగ్ నేర్చుకున్నది గేట్లూ గ్రిల్సూ చేయడానికే. జగ్గయ్యపేటలో అతనికి పేరు తెచ్చింది మాత్రం మూడుచక్రాల సైకిళ్లు. పాతికేళ్ల కిందట ఆ చుట్టుపక్కల పోలియో వచ్చినవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. చెక్కపలకకు బేరింగులు బిగించి, దానిమీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ తిరిగేవాళ్లు. తరవాత ప్రభుత్వంవాళ్లు చేతితో తిప్పే మూడుచక్రాల సైకిళ్లు ఇచ్చారు. అవన్నీ ఒకటే కొలత. పొట్టివాళ్లకు పిడి అందేది కాదు, పొడుగువాళ్లకు మోకాళ్లు తగిలేవి. బాలస్వామి వాటిని కోసి, ముందుకో వెనక్కో జరిపి, మళ్లీ అతికేవాడు. ముందుగా దారం పెట్టి చెయ్యి ఎంతవరకు అందుతుందో కొలిచేవాడు.

"శాంతయ్యా, చెయ్యి చాపు. మరీ అంత బిగదియ్యకు, పెళ్లిచూపులేం కాదు."

"నీ బండెక్కితే సంబంధాలు వాటంతటవే వస్తాయంటగా," అనేవాడు కొలతకు వచ్చిన శాంతయ్య.

క్రమంగా పోలియో పోయింది. సైకిళ్లూ తగ్గాయి. స్కూటీలకు పక్కచక్రాలు బిగించే పని మిగిలింది.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు అతనికి గ్రేసీ పుట్టింది. కాన్పు కష్టమై, పుట్టగానే ఏడవలేదు. ఆ కాసేపట్లో మెదడుకు గాలి అందలేదని డాక్టర్లు చెప్పారు. రెండేళ్లు నిండినా పిల్ల కూర్చోలేదు. మాట రాలేదు గానీ నవ్వు మాత్రం వచ్చింది, తండ్రి గొంతు వింటే చాలు.

నాలుగో ఏట నందిగామలో క్యాంపు పెట్టి వీల్‌చైర్లు పంచారు. భార్య సువార్తమ్మ మిరపకోతలకు పోయింది. పిల్లను ఎత్తుకుని బాలస్వామి ఒక్కడే వెళ్లాడు. అక్కడ చిన్న కుర్చీ ఒకటి తీసి, గ్రేసీని అందులో కూర్చోబెట్టబోయారు.

"పెద్దదివ్వండి సార్. పెరిగే పిల్ల. ఏడాది తిరక్కుండానే ఇది ఇరుకైపోద్ది," అన్నాడు బాలస్వామి.

గౌను కొన్నా చెప్పులు కొన్నా ఆ ఇంట్లో ఒక సైజు పెద్దదే కొంటారు. ఊళ్లో ఎవరైనా అంతే. కుర్చీ విషయంలోనూ అతనికి మరో ఆలోచన రాలేదు. అంతమందికి దారంతో కొలిచిన మనిషి ఆరోజు కూతుర్ని కొలవలేదు.

సువార్తమ్మ పిల్లకు రెండు పక్కలా దిండ్లు కూరింది. దిండ్లు జారేవి, పిల్ల ఎడమకు ఒరిగేది. మళ్లీ ఎత్తి కూర్చోబెట్టేవాళ్లు. ఒరగకుండా ఉండాలని గ్రేసీ కుడిచేత్తో కుర్చీ చేతిని గట్టిగా పట్టుకునేది. ఎనిమిదేళ్లు వచ్చినా కుర్చీ నిండలేదు. జలుబు చేస్తే చాలు, గుండెల్లోకి దిగిపోయేది. రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టారు. రెండోసారి అక్కడి డాక్టరు వాళ్లను నందిగామలో ఫిజియోథెరపీ చేసే ఉషశ్రీ దగ్గరికి పంపాడు.

ఉషశ్రీ ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పెట్టి చూపించింది. వెన్నెముక విల్లులా వంగి ఉంది.

"ఇటువైపు పక్కటెముకలు ఒకదాని మీదొకటి పడిపోయాయండీ. ఊపిరితిత్తి విచ్చుకోవడానికి చోటు లేదు. అందుకే మాటిమాటికీ నెమ్ము చేస్తోంది. ఈ కుర్చీ ఎప్పటిది?"

"నాలుగో ఏటప్పుడు ఇచ్చారమ్మా."

"మరి ఇంత పెద్దదా? చిన్నవి లేవన్నారా?"

సువార్తమ్మ కూడా భర్త వైపు చూసింది. ఇన్నేళ్లూ లేవనే అనుకుంది ఆమె.

"ఉన్నాయండి," అన్నాడు బాలస్వామి. "నేనే వద్దన్నా."

ఉషశ్రీ ఎక్స్‌రేను కవర్లో పెట్టింది.

"ఇనుమైతే కాల్చి సరిచేస్తానమ్మా. ఇది?"

"వంగింది తిరిగి రాదండి. ఇంకా వంగకుండా చూసుకోవాలి. అదీ కొంతవరకే."

తిరుగుబస్సు చిల్లకల్లు దాటాక సువార్తమ్మ ఒడిలో పిల్ల జుట్టు సవరిస్తూ, "నన్నడిగినా నేనూ పెద్దదే తెమ్మనేదాన్ని," అంది. ఆమె తిట్టి ఉంటే బాలస్వామికి కాస్త తేలికగా ఉండేది.

మర్నాడు కొట్టు మూసి పిల్లను కొలిచాడు. నడుము వెడల్పు పది అంగుళాలు. కుర్చీ వెడల్పు పద్దెనిమిది. చంక నుంచి సీటుకు కుడివైపు ఒక కొలత, ఎడమవైపు రెండంగుళాలు తక్కువ. తప్పేమోనని దారం మూడుసార్లు పెట్టి చూశాడు. నాలుగు రోజులు పట్టింది పని. కుర్చీని నిలువునా కోసి దగ్గరికి అతికాడు. ఒంటికి ఆనేలా రెండు పక్కలా మెత్తలు, తలకో ఆసరా, నడుముకో బెల్టు అమర్చాడు. మెత్తకీ ఒంటికీ మధ్య అరచెయ్యి దూరేంత ఖాళీ చాలని ఉషశ్రీ చెప్పింది. అంతే ఉంచాడు.

కొత్త కుర్చీలో గ్రేసీ ఒరగలేదు. కాసేపటికి కుడిచెయ్యి పట్టు వదిలింది. ఖాళీగా ఉన్న ఆ చేతిని తనే వింతగా చూసుకుంది. అన్నం పళ్లెం ముందు పెడితే వేళ్లు ముంచి నోటిదాకా తెచ్చుకుంది. సగం గౌను మీద పడింది. సువార్తమ్మ తుడవలేదు, చూస్తూ కూర్చుంది. బాలస్వామి లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

పిల్ల పెరిగేకొద్దీ మెత్తలు బయటికి జరపడానికని అతను ఫ్రేముకు మూడేసి రంధ్రాలు వేసి పెట్టాడు. ఆ వానాకాలం మళ్లీ నెమ్ము చేసింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాక కుర్చీలో కూర్చోబెడితే, మెత్తకీ ఒంటికీ మధ్య రెండు అరచేతులు దూరేంత ఖాళీ. మెత్తలు దగ్గరికి జరపడానికి లోపలివైపు ఇంకో రంధ్రం వెయ్యాల్సి వచ్చింది. డ్రిల్లు చప్పుడుకు గ్రేసీ ఉలిక్కిపడుతుందని, సువార్తమ్మ ఆమెను భుజాన వేసుకుని వీధి చివరిదాకా తీసుకెళ్లింది.