పేరు రాయని పొట్లం

సెలూన్‌లో ఊడ్చిన జుట్టుతో నెల తిరిగేసరికి గోనెసంచి నిండాలి. ఈసారి సగం కూడా నిండలేదు. గిరాకీ తగ్గలేదు, కత్తెర ఆగలేదు. మరి జుట్టు ఏమైనట్టు?

సెలూన్ ఆయన్ని వీధిలో అందరూ ‘నిగనిగలు’ అంటారు. యాభై ఎనిమిదేళ్లొచ్చినా తలలో ఒక్క తెల్ల వెంట్రుక కనిపించదు. అడిగినవాళ్లకల్లా “మా వంశంలో నెరుపు లేదండీ” అని అద్దంలో తనని తాను చూసుకుంటూ చెబుతాడు. ఆదివారం పొద్దున్నే తలుపు మూసి కూతురు ఆయన తలకున్న పాత రంగు కడిగేసి, జుట్టు కత్తిరించి కొత్త రంగు వేస్తుందన్న సంగతి ఇంట్లో ఆ ఇద్దరికే తెలుసు. పనయ్యేదాకా ఆయన కళ్లు తెరవడు. తన నెరుపు తనే చూడలేడు.

అనుమానం కూతురి మీదికే వెళ్లింది. చీపురు చూస్తే మాయమయ్యే పదిహేడేళ్ల పిల్ల, ఈ మధ్య కుర్చీలోంచి మనిషి లేవకముందే ఊడ్చేస్తోంది. ఒకరోజు ఆమె సంచిలో చెయ్యి పెట్టాడు. అన్నీ పొట్లాలే! ‘లెక్కల మాస్టారు, బూడిద.’ ‘పోస్టుమాస్టరు, రాగి రంగు, ఉంగరాలు.’ ఒక్కదాని మీద మాత్రం పేరు లేదు. విప్పితే పాలనురగలాంటి తెలుపు. తన కుర్చీలో కూర్చునే తలలన్నీ ఆయనకు కంఠస్థం. ఇది వాటిలో లేదు. ఎవడా ముసలాడు? పిల్ల వాడి పేరెందుకు దాచింది? ఆ రోజు ఆయనకు అన్నం సహించలేదు.

మర్నాడు పోస్టుమాస్టరుకి ఒక చెంప గీసి రెండో చెంపకు వచ్చేసరికి, కూతురు గుప్పిట మూసుకుని మేడ మెట్లెక్కడం అద్దంలో కనబడింది. “ఒక్క నిమిషమండీ” అంటూ చేతిలో కత్తితోనే పిల్లిలా వెనకాల ఎక్కాడు.

డాబా మీది గది తలుపు తోయగానే ముసలి కుక్క ఒకటి గుడ్లప్పగించి చూసింది.

“ఛీ! పో!” అని రెండడుగులు వెనక్కి వేశాడు.

“అది పోదు నాన్నా, మట్టిది” అంది కూతురు, దాని చెవికి ఒక్కొక్క వెంట్రుకే అంటిస్తూ. “ఎలకతో మొదలెట్టా. ఇది నాలుగోది. తిడతావని చెప్పలేదు.”

“అవి నా ఉంగరాలు!” వెనక నుంచి కేక. మెడకు తువ్వాలు, చెంప నిండా నురగతో పోస్టుమాస్టరు. “ఏమయ్యా, నా జుట్టు కుక్కకి తొడుగుతారా? ఇవాళే వీధంతా చెబుతా. నీ కుర్చీలో ఇంకెవడు కూర్చుంటాడో చూద్దాం!”

“అందరివీ ఉన్నాయంకుల్. పొట్ట లెక్కల మాస్టారిది.”

“మరి ఈ మూతి ఎవరిది? ఇంత తెల్లతల మన వీధిలో లేదే!”

కూతురి చూపు ఒక్క క్షణం తండ్రి తల మీద ఆగి నేలకు దిగింది. అప్పుడు తట్టాయి ఆయనకు ఆదివారాలు. పిల్ల ఎన్ని తిట్లయినా తింటుంది గానీ నోరు విప్పదు.

“నాదండీ” అన్నాడు.

“మీ వంశంలో నెరుపు లేదన్నావుగా?”

“వంశంలో లేదండీ. నాకే ఉంది.”

పోస్టుమాస్టరు నవ్విన నవ్వుకి నురగ ఊడి కుక్క పంజా మీద పడింది. దాన్ని తువ్వాలుతో తుడిచి, తన ఉంగరాల వీపుని ఒకసారి నిమిరాడు.

“పద, రెండో చెంప గియ్యి. కుక్క సంగతి ఎవరికీ చెప్పనులే. నీ సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను.”

ఆదివారం నిగనిగలు కళ్లు మూసుకోలేదు. ఒళ్లో రాలుతున్న తెలుపును చూసి చూసి, “ఈసారి గొర్రెని చెయ్యవే. బోలెడుంది” అన్నాడు.