‘అక్కా’ అంటే ‘ఓ’ అన్నాం

2018 వానాకాలం. అప్పటికి మాకు మూడు పిల్లల నర్సరీలు ఉండేవి. షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీలకు పోయే దారిలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి, నల్లగొండలో ఒకటి. మూడింటికీ నేను కోఆర్డినేటర్‌ను. పేరు పెద్దదే గాని, పని మాత్రం బస్సుల్లో తిరగడం, కుళాయి కారినా పిల్లకు జ్వరం వచ్చినా ఫోను ఎత్తడం. ఊరూరా మొక్కలు పెంచుతున్న కాలం అది. ‘నర్సరీ’ అన్న బోర్డు చూసి మామిడి మొక్కలున్నాయా, కరివేపాకు ఉందా అంటూ లోపలికి వచ్చేవాళ్ళు. మాది పిల్లల నర్సరీ అని చెప్పి పంపేదాన్ని. మొక్కలైతే నయం, నీళ్ళు పోస్తే ఊరుకుంటాయి అని లోపల అనుకునేదాన్ని.

నా పనుల్లో ఇంకొకటి, కాలానికొక ‘సీజన్ కబురు’ రాసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం. వానలు పట్టగానే ఒక జత బట్టలు ఎక్కువ పంపమని, బతుకమ్మకు ముందు ఇంటికింత తంగేడు పువ్వు పంపమని, చలికాలంలో చెవుల టోపీ మీద పిల్ల పేరు కుట్టమని, ఎండాకాలంలో మజ్జిగ సీసా మరిచిపోవద్దని. ఆ కబుర్లలో ఏడుపులు ఉండవు. నర్సరీలో సగం పొద్దు ఏడుపుతోనే గడుస్తుంది గాని, కబురులో మాత్రం అందరూ నవ్వుతూ కాగితం పడవలు వదులుతుంటారు. రాసేదాన్ని నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

మా నర్సరీలకు ఒక పద్ధతి ఉండేది. మేడం, టీచర్, ఆయా అన్న తేడాలు వద్దు, పిల్లలను చూసుకునే ప్రతి మనిషినీ పిల్లలు ‘అక్క’ అనాలి. మంచి పద్ధతే. ఈ పనిలో అన్నం తినిపించేదీ, ముడ్డి కడిగేదీ, పాట నేర్పేదీ ఒకే చేయి. ఒకరిని మేడం అని, ఒకరిని ఆయా అని పిలిపిస్తే మూడేళ్ళ పిల్లకు కూడా ఎవరి మాట వినాలో, ఎవరి మాట వినక్కర్లేదో తెలిసిపోతుంది. షాద్‌నగర్ నర్సరీలో యాదమ్మ అని ఒకామె ఉండేది. అంతకుముందు వేరేచోట చాలా ఏళ్ళు ఆయాగా చేసింది. యాభై దాటిన వయసులో పిల్లలు ‘యాదక్కా’ అంటుంటే తెగ సంబరపడేది. ఎవరైనా పిల్ల ‘అక్కా’ అంటే చాలు, వంటగదిలో ఉన్నవాళ్ళతో సహా నలుగురూ ‘ఓ’ అనేవాళ్ళు.

ఆ వానాకాలంలోనే సుజాత తన కూతురు నవ్యను తెచ్చి చేర్పించింది. పిల్లకు రెండున్నరేళ్ళు. సుజాతది ఆత్మకూరు దగ్గర పల్లె. భర్త లారీ ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు తల్లిగారింట్లో ఉండి, మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని దొరికితే షాద్‌నగర్‌కు వచ్చి ఒక గది కిరాయికి తీసుకుంది. చేర్పించిన రోజునే తన పరిస్థితి దాచకుండా నాతో చెప్పింది.

“మా అవ్వ పిల్లను ఆడనే ఉంచమంటాంది మేడం. నేనే ఇననని తెచ్చుకున్న. ఇది ఈడ అలవాటు పడితే నాతోనే ఉంటది. పడకపోతే ఆత్మకూరు తోలియ్యాలె. నెలకొకసారి పోయి చూసొచ్చుడే ఇగ.”

కొత్త పిల్ల అలవాటుపడే మొదటి వారాలను మేం సెట్లింగ్ అంటాం. మామూలుగా తల్లి మొదట కాసేపు పక్కనే కూర్చుంటుంది. రోజురోజుకూ ఆ సేపు తగ్గిస్తాం. ఆ సౌకర్యం సెలవు దొరికేవాళ్ళకే. సుజాత కంపెనీ బస్సు తెల్లవారగానే వస్తుంది. నిద్రపోతున్న పిల్లను భుజం మీద తెచ్చి, యాదమ్మ చేతుల్లో పెట్టి పరుగెత్తేది. నవ్య లేచేసరికి ఎదురుగా కొత్త ముఖం ఉండేది.

లేవగానే ‘అక్కా’ అని ఏడ్చేది. యాదమ్మ “ఓ బిడ్డా, ఈడనే ఉన్న” అనేది. నవ్య ఆమెను రెండు చేతులతో నెట్టేసేది. ఇంకా గట్టిగా ‘అక్క కావాలె’ అనేది. అప్పుడు నర్సరీ చూసుకునే స్వప్న వచ్చేది. “అక్కను వచ్చిన గద, ఇగో చూడు.” ఆమెనూ కొట్టేది. మిగిలిన ఇద్దరు అక్కలూ వంతులవారీగా వచ్చి అవే దెబ్బలు తినేవాళ్ళు. చివరికి గొంతు బొంగురుపోయి, గోడ వైపు తిరిగి పడుకునేది.

నేను వారానికొకసారి వెళ్ళినప్పుడల్లా స్వప్న ఇదే చెప్పేది. స్వప్న శ్రద్ధ గల మనిషి. ఆమెకు వింతగా తోచింది ఒక్కటే.

“మేడం, ఒక్కనాడు సుత అమ్మ కావాలె అనదు. ఎప్పుడు సూడు అక్క, అక్క. మనల్నే పిలుస్తది, పోతే మనల్నే కొడతది. తల్లి మీద పానమే లేదా ఏంది ఈ పిల్లకు?”

నాకూ అలాగే అనిపించింది. మాటలు ఆలస్యమేమో, ‘అమ్మ’ అనడం ఇంకా రాలేదేమో, మహబూబ్‌నగర్‌లో పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించమని చెబుదామా అనుకున్నాం. ‘పాలు’, ‘కుక్క’, ‘చెప్పులు’, ‘వద్దు’ అని స్పష్టంగా అనే పిల్లకు ‘అమ్మ’ ఎందుకు రాదన్నది మాత్రం ఎవరమూ ఆలోచించలేదు.

సాయంత్రం పిల్లను అప్పగించేటప్పుడు ఆ రోజు సంగతులు చెప్పడాన్ని హ్యాండోవర్ అంటారు. మా దగ్గర అదీ సీజన్ కబురు లాగానే సాగేది. పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చిన తల్లికి ఏడుపుల లెక్క ఎందుకని మంచి ముక్కలే చెప్పేవాళ్ళు.

“ఏడ్సిందా?” అని సుజాత అడిగేది.

“జర ఏడ్సింది, మల్ల ఊకున్నది. పప్పన్నం తిన్నది” అనేది యాదమ్మ.

పిల్ల ఉబ్బిన కళ్ళు చూసి ఏ తల్లైనా అసలు సంగతి పోల్చుకుంటుంది. సుజాత మరో ప్రశ్న వేసేది కాదు. నవ్య తల్లి మెడ కరుచుకుని నోరు విప్పేది కాదు. ఒకటి రెండుసార్లు గేటు దగ్గర ‘అక్కా’ అన్నది కూడా. మాకు టాటా చెబుతోందనుకుని అందరం చేతులూపాం.

వానలు తగ్గి బతుకమ్మ రోజులు వచ్చేసరికి పిల్ల సగమైంది. ఊరి నుంచి సుజాత తల్లి రోజూ ఫోన్ చేస్తోందట. ఒకనాడు సుజాత స్వప్నతో తేల్చి చెప్పేసింది. “పండుగకు ఊరికి పోతున్నం. పిల్లను ఆడనే ఉంచొస్త.” ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం మామూలుగానే ఉందట. స్వప్న ఫోన్‌లో ఏడ్చింది. ఓడిపోయామని నాకూ బాధగానే ఉండింది. అయినా ఈ పనిలో కొందరు పిల్లలు అలవాటుపడరు, అది ఎవరి తప్పూ కాదు అని స్వప్నకు చెప్పాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు చెప్పే మాట అది.

సెలవులకు ముందురోజు నర్సరీలో బతుకమ్మ ఆడించాం. నేనూ వెళ్ళాను, ఫోటోలు తీసి కబురులో పెట్టాలి గదా. తాంబాళంలో తంగేడు, గునుగు, బంతి పేర్చి నడుమ పెట్టాం. అక్కలు నలుగురూ పట్టు చీరలు కట్టుకుని పిల్లల చేతులు పట్టి చప్పట్లు కొట్టిస్తున్నారు. ఆడపిల్లల కంటే మగపిల్లలే ఎక్కువ ఎగురుతున్నారు. నవ్య గోడకు ఆనుకుని కూర్చుంది, చేతిలో ఎవరో పెట్టిన బంతిపువ్వు.

సుజాత ఆ రోజు సగం డ్యూటీ చేసి ముందే వచ్చింది. చేతిలో బట్టల సంచి. అటునుంచి అటే ఆత్మకూరు బస్సు ఎక్కాలి. ఆమె గేటు తీసిన చప్పుడుకు నవ్య తల తిప్పింది.

“అక్కా!” అని అరిచింది.

అలవాటు చొప్పున నలుగురూ “ఓ” అన్నారు. నవ్య లేచి పరుగెత్తింది. వంగి చేతులు చాచిన స్వప్నను దాటింది, యాదమ్మను దాటింది, బతుకమ్మను తన్నుకుంటూ పోయింది, తంగేడు పువ్వంతా చెల్లాచెదరైంది. “అక్కా, అక్కా” అంటూ పోయి సుజాత కాళ్ళను చుట్టేసుకుంది.

“వచ్చిన బిడ్డా, వచ్చిన” అంది సుజాత.

చప్పట్లు ఆగిపోయాయి. స్వప్న నా వైపు చూసింది. నేను సుజాత దగ్గరికి వెళ్ళి, పిల్ల మిమ్మల్ని ఏమని పిలుస్తుంది అని అడిగాను.

“అక్క అంటది మేడం.” ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూసింది. “మా ఇంట్ల నేనే పెద్దదాన్ని. తమ్ముడు, ఇద్దరు చెల్లెండ్లు. అందరు అక్క అక్క అనుకుంటనే తిరుగుతరు. ఇది నోరు విప్పేటప్పటికి ఆడనే ఉన్నం. గా మాటనే ఇన్నది, గదే నేర్చింది.”

“మరి మీ అమ్మగారిని?”

“మేమంత అవ్వ అంటం. ఇది సుత అవ్వనే అంటది. అమ్మ అనే పిలుపు మా ఇంట్ల ఎవలకు లేదు మేడం.”

అప్పుడు స్వప్న చెప్పింది, ఇన్నాళ్ళూ పిల్ల ఏమని ఏడ్చిందో, తాము ఏమని జవాబిచ్చారో. అమ్మ కోసం ఏడుస్తున్న పిల్ల దగ్గరికి నలుగురు తెలియని ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ‘నేనే మీ అమ్మను’ అంటే ఎలా ఉంటుందో, నవ్యకు వానాకాలమంతా అలాగే గడిచింది. ఏ పిల్లయినా కొడుతుంది. నేనైనా కొడతాను.

సుజాత సంచి కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

“అంటే ఇన్ని దినాలు నన్నే పిలిచిందా?”

“నిన్నే బిడ్డా” అంది యాదమ్మ.

సుజాత పిల్లను ఎత్తుకుని కొంగుతో దాని ముఖం తుడిచింది. తన ముఖం తుడుచుకోలేదు.

నాకు తోచిన ఉపాయం నేను చెప్పాను. సెలవుల్లో పిల్లకు ‘అమ్మ’ అనడం నేర్పితే చిక్కు తీరిపోతుంది కదా అన్నాను. సుజాత తల అడ్డంగా ఊపింది.

“వద్దు మేడం. వాళ్ళ నాయిన ఉన్నట్టే ఉండి లేకుండ పోయిండు. ఇప్పుడు అక్కను సుత లేదంటే దానికేం సమజైతది? ఎట్ల పిలిస్తే ఏంది, పలికేది నేనే గద. మీరే జర మార్చుకోన్రి.”

న్యాయమైన మాట. ఒక్క పిల్ల కోసం పద్ధతి మారుస్తామా అనే ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. పద్ధతి ఉన్నదే పిల్లల కోసం కదా. సరేనన్నాను. అప్పుడు ఆమె సంచి తిరిగి చేతిలోకి తీసుకుంది. “పండుగ చేసుకొని ఇద్దరం వస్తం” అంది. ఆ ‘ఇద్దరం’ విని యాదమ్మ చెల్లాచెదరైన పువ్వులు ఏరడం మొదలుపెట్టింది.

దసరా తర్వాత షాద్‌నగర్ నర్సరీలో ‘అక్క’ అన్న పిలుపు పోయింది. నవ్య ముందు అందరం పేర్లతోనే పిలుచుకున్నాం, పిల్లలకూ అదే నేర్పాం. పిల్ల లేచి ‘అక్కా’ అనగానే ఎవరూ ‘ఓ’ అనలేదు. యాదమ్మ పక్కన కూర్చుని చెప్పింది. “అక్క డ్యూటీకి పోయింది బిడ్డా. పొద్దూకంగ బస్సు దిగుతది.”

నవ్య ఏడుపు ఆపి విన్నది. “బస్సు?”

“ఆఁ, బస్సు.”

ఏడుపు ఆ రోజుతో పోలేదు. అలాంటి అద్భుతాలు సీజన్ కబుర్లలోనే జరుగుతాయి. కాని నెట్టడం, కొట్టడం ఆగిపోయాయి. ఏడుపు వచ్చినప్పుడల్లా యాదమ్మ వేలు పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుపోయేది, ఇద్దరూ బస్సుల కోసం చూసేవాళ్ళు. దీపావళికి పప్పన్నం తానే అడిగింది. చలికాలం వచ్చేసరికి ఇంకొక కొత్త పిల్ల ఏడుస్తుంటే దగ్గరికి వెళ్ళి “బస్సు వస్తది” అని చెప్పింది.

ఆ చలికాలంలోనే ఒక సాయంత్రం సుజాత వచ్చేసరికి నవ్య అప్పుడే నిద్ర లేస్తోంది. కళ్ళు నలుపుకుంటూ “అమ్మా, నీళ్ళు” అంది. యాదమ్మతో అంది. గేటు దగ్గర సుజాత ఆగిపోయింది.

యాదమ్మ ముఖం తెల్లబోయింది. “నేను నేర్పలే బిడ్డా, ఒట్టు. పేరు పెట్టి పిలువమన్నరు గద, దానికి యాదమ్మ అని నోరు తిరుగది. ఎన్కున్న ‘అమ్మ’ ఒక్కటే పలుకుతాంది.”

నేను అక్కడే ఉన్నాను. సుజాత చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నీళ్ళ గ్లాసు తీసి యాదమ్మ చేతికిచ్చింది.

“గా పిలుపు మా ఇంట్ల ఖాళీగనే ఉన్నది గద యాదమ్మా. నువ్వే పలుకు” అంది.

నవ్య నీళ్ళు తాగింది. తాగాక తల్లిని చూసింది. “అక్కా, పోదాం” అంటూ లేచి వెళ్ళి చెప్పులు వేసుకుంది.

అప్పటి నుంచి మూడు నర్సరీల్లోనూ పిల్లను చేర్చడానికి వచ్చినవాళ్ళను నేను అడిగే మొదటి ప్రశ్న, మిమ్మల్ని ఏమని పిలుస్తుంది అని. కొందరు నొచ్చుకుంటారు, ఏమని పిలుస్తది, అమ్మ అనే పిలుస్తది అంటారు. ‘వదినె’ అని చెప్పినవాళ్ళున్నారు, ‘చిన్నమ్మ’ అని చెప్పినవాళ్ళున్నారు. నల్లగొండలో ఒకామె సిగ్గుపడుతూ ‘ఓయ్’ అంటడు అంది. హ్యాండోవర్‌లో పిల్ల ఏడ్చిందా లేదా అన్నదాని కంటే, ఏమని ఏడ్చిందో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. వినడానికి తల్లికి కష్టంగా ఉంటుంది. అయినా అది ఆమెకు పంపిన కబురు, నడుమ దాచుకోవడానికి మేమెవరం?

పిల్ల పిలిస్తే పలకడమే మా పని అనుకుని ఇన్నేళ్ళు చేశాను. నవ్య తర్వాత కొత్తగా చేరేవాళ్ళకు మొదట ఇంకొకటి నేర్పుతున్నాను. ఎవరిని పిలుస్తోందో తెలియకుండా ‘ఓ’ అనొద్దు.