హెల్పర్ బిగించిన బీరు కుళాయి

"నా చేతులతో నేనే చేశాను" అన్నాడాయన. ఇంటినిండా అతిథులు. ఒక చేత్తో నురగ గ్లాసు పట్టుకుని, రెండో చేయి అందరికీ చాపి చూపించాడు. ఆ చేతికి ఒక్క గీత లేదు. నా బొటనవేలి మీద ఫ్రిజ్ తలుపు రేకు కోసిన గాటు మాత్రం అప్పటికింకా మానలేదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. కుళాయి మొరాయిస్తే బాగుచేయడానికని అక్కడ నిలబెట్టారు. ఇది జరిగి రెండేళ్ళు దాటింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నెమ్మదిగా, మర్యాదగా చెప్పమంటే నా వల్ల కాదు.

ఆయన మా కంపెనీలో ముదీర్, అంటే మేనేజరు. తెలుగాయనే, హైదరాబాదు. నాది గోదావరి జిల్లా, ఏసీ మెకానిక్‌ని. మెకానిక్‌నని నేనంటాను. నా లేబర్ కార్డు మాత్రం హెల్పర్ అంటుంది. దుబాయ్ పంపించిన ఏజెంటు, "ముందు హెల్పర్ వీసా మీద వెళ్ళిపో, అక్కడ మార్పించుకుందువుగాని" అన్నాడు. ఆ మార్పించుకోవడం ఎంత తేలికో ఏడేళ్ళు చూశాను.

సైట్లో కంప్రెసర్ మార్చేది నేను. గ్యాస్ నింపేది నేను. కొత్తగా దిగినవాళ్ళకి పని నేర్పేదీ నేనే. వాళ్ళలో ఇద్దరు టెక్నీషియన్ కార్డుతో వచ్చి, గ్యాస్ ఒత్తిడి చూసే గేజీ ఎలా పట్టుకోవాలో నా దగ్గర నేర్చుకున్నారు. ఇంకో కంపెనీకి పోదామంటే మొదట అడిగేది కార్డు. అది చూడగానే, "హెల్పరా, అయితే నిచ్చెన పట్టుకో" అంటారు. చేతిలో ఏం పనుందో ఎవడికీ అక్కర్లేదు. ఈ ముక్క మారాలంటే ముదీర్ ఒక ఉత్తరం రాయాలి. ఒక్క పేజీ. ఆ ఒక్క పేజీ కోసమే నేను బీరు మిషను కట్టాను.

కరోనాలో అందరూ ఇళ్ళలో కూర్చున్నప్పుడు ఆయనకి బీరు కాయడం పట్టుకుంది. వీడియోలు చూసి ప్లాస్టిక్ డ్రమ్ములో బార్లీ పులియబెట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఇలా కాయడం ఇక్కడ చట్టం ఒప్పుకోదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి ఆయన ధైర్యంగా ఉన్నాడు, తెలిసి నేను భయపడ్డాను. కొన్నాళ్ళకి సీసాల్లో నింపి నింపి ఆయనకి విసుగొచ్చింది. బార్లలోలాగా కుళాయి తిప్పితే చల్లగా గ్లాసులోకి దిగాలని కోరిక పుట్టింది. అప్పుడు నేను గుర్తొచ్చాను.

"తమ్ముడూ, చిన్న పనుంది, సండే ఇంటికి రా" అన్నాడు.

ఆఫీసులో ఆయన నోటి వెంట నా పేరు కూడా వచ్చేది కాదు. పని పడ్డాక తమ్ముణ్ణయ్యాను. వెళ్ళాక పాత ఫ్రిజ్ చూపించి, కావలసిందేమిటో చెప్పి, "ఇది సెట్ చెయ్యి, నీ లెటర్ సంగతి నేను చూస్తా" అన్నాడు.

అల్ కుసైస్‌లో మా గదిలో పక్క మంచం అన్నకి ఈ సంగతి చెప్పాను. కరీంనగర్ మనిషి. వింటూనే తల కొట్టుకున్నాడు.

"నువ్వు ప్రార్థనకు వొయ్యేటోనివి, బీరు వాసనే చూడవు. గా మిషిని లొల్లి నీకెందుకు తమ్మీ? దొరికితే గాయిన పోతడా? నిన్నే ఎక్కిస్తరు విమానం."

"లెటర్ రాత్తానన్నాడన్నా."

"రాసినంక జెయ్యి. ముందుగాల రాయించుకో."

అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను వినలేదు. ఆశ ఉన్నవాడి చెవికి మంచిమాట ఎక్కదు.

ఆరు ఆదివారాలు అక్కడే పోయాయి. మొదటి రోజే ఆయన డ్రిల్లు పట్టుకుని ఫ్రిజ్ పక్క గోడకి గురిపెట్టాడు. నేను ఆయన చేయి పట్టుకుని ఆపాల్సొచ్చింది.

"పక్కకి వద్దండి, గ్యాసు పోద్ది. ఇక్కడ చెయ్యెట్టి చూడండి" అన్నాను.

ఫ్రిజ్ నడుస్తుంటే పక్క గోడలు వెచ్చగా ఉంటాయి. ఆ రేకు వెనకే గ్యాస్ గొట్టం తిరుగుతుంది. దానికి బెజ్జం పడితే ఫ్రిజ్ పాత సామాన్లలోకే. ఆయన చేయి పెట్టి చూసి, "అది నాకు తెలుసులే" అన్నాడు. తెలిసినవాడు అక్కడ డ్రిల్లు ఎందుకు పెట్టాడో నేనడగలేదు. తలుపుకి బెజ్జం వేసి కుళాయి బిగించాను. లోపల అరలు తీసేసి బీరు పోసే స్టీలు పీపా నిలబెట్టాను. పక్కనే సోడాలో కలిపే గ్యాస్ సిలిండరు, దాని మీద రెగ్యులేటరు. గ్యాస్ పీపాలోకి వెళ్ళి బీరుని తోస్తే అది గొట్టం వెంట కుళాయికి రావాలి. అంతే మిషను.

వచ్చింది. బీరు కాదు, నురగ. కుళాయి తిప్పితే గ్లాసు నిండా సబ్బు నురగలాంటిదే. ఆయన గ్యాస్ పెంచాడు, తగ్గించాడు, నన్ను విసుక్కున్నాడు, ఇంకో నాలుగు వీడియోలు చూశాడు. నేను గొట్టం చూశాను. లావు గొట్టం, రెండడుగులు కూడా లేదు. ఏసీలో క్యాపిలరీ అని సన్నటి రాగి గొట్టం ఉంటుంది. దాని పొడవు కాస్త తగ్గినా లోపలి ఒత్తిడి అంతా తారుమారవుతుంది. ఈ పని నా చేతులకి నిద్రలో కూడా తెలుసు.

"సన్న గొట్టం పొడుగ్గా వేద్దామండి. తోపుడు జోరు దారిలోనే తగ్గిపోద్ది, కుళాయి దగ్గరికి నెమ్మదిగా వత్తాది" అన్నాను.

"ఇది ఏసీ కాదయ్యా, బీరు" అని నవ్వాడు.

తర్వాతి ఆదివారం నేనే సన్న గొట్టం తీసుకెళ్ళాను. పన్నెండడుగులది చుట్టగా చుట్టి పీపా మీద కట్టాను. ముందు సోడాతో చూశాం, తర్వాత బీరు పెట్టాం. తేనె రంగులో సన్నగా దిగింది. పైన రెండు వేళ్ళ మందాన నురగ నిలిచింది. దాని రుచి ఇప్పటికీ నేనెరగను, కానీ పని కుదిరిందని కళ్ళకి తెలిసింది. ఆయన నన్ను కావలించుకున్నాడు. "మామూలోడివి కాదు తమ్ముడూ" అన్నాడు. నాకూ సంతోషమే, అబద్ధమెందుకు. ఆ సంతోషంలోనే ఉత్తరం మాట ఎత్తాను. పార్టీ అవనీ అన్నాడు.

ఆ పార్టీలోనే చేతులు చూపించింది. అక్కడితో ఆగినా సరిపెట్టుకునేవాణ్ణేమో. ఒకావిడ, "నురగ ఇంత పద్ధతిగా బార్లలో కూడా రాదు, ఏం చేశారు?" అని అడిగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గొట్టం పొడవులో ఉంటుందండీ కిటుకంతా. ఏసీలో క్యాపిలరీ ఉంటుంది చూడండి, అదే ప్రిన్సిపుల్. కూర్చుని లెక్క వేశాను."

నా మాట! ఏసీ కాదయ్యా బీరు అని నవ్వి కొట్టిపారేసిన నా మాట! ఆవిడ నా వైపు చూసి, ఇతనెవరని అడిగింది. "మా హెల్పర్. సామాన్లు మోయడానికొచ్చాడు" అన్నాడు. నోరు తెరవడానికి ఒక్క క్షణం పట్టదు, తెరిస్తే ఉత్తరం పోతుంది. పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. వెళ్ళేటప్పుడు బిర్యానీ పొట్లం చేతిలో పెట్టారు. దాన్ని తెచ్చి అన్నకిచ్చేశాను.

పార్టీ అయింది. హెచ్ఆర్‌తో మాట్లాడుతున్నానన్నాడు. రంజాన్ కానీ అన్నాడు. ఎండాకాలం రద్దీ తగ్గనీ అన్నాడు. ఈలోపల సిలిండరు ఖాళీ అయిన ప్రతిసారీ "తమ్ముడూ" అని ఫోను. నేను ప్రతిసారీ వెళ్ళాను. ఆ కోపం ఆయన మీద కాదు, నా మీద.

ఒకరోజు నేను షార్జాలో ఒక బడి డాబా మీద ఏసీ విప్పుతుంటే ఫోనొచ్చింది. వాళ్ళ టవర్లో ఫైర్ సేఫ్టీ తనిఖీ అట, ప్రతి ఫ్లాటూ చూస్తున్నారట. "యల్లా తమ్ముడూ, వెంటనే వచ్చి సిలిండర్ పట్టుకుపో" అన్నాడు. విప్పిన ఏసీ మూసి, ట్రాఫిక్ దాటి వెళ్ళేసరికి రెండు గంటలు పట్టింది. ఆయన బీరంతా బాత్‌టబ్బులో పారబోసి ఇంటినిండా అగరొత్తులు వెలిగించాడు. తనిఖీ ఆయన అప్పటికే వచ్చి ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వాసన అతనికీ తగిలే ఉంటుంది. కానీ అతని చూపు సిలిండరు మీదే ఉంది.

"యే కిస్‌నే బనాయా?" అన్నాడు. ఇది చేసిందెవరని.

మా ముదీర్ సార్ రెప్ప వేయలేదు. వేలు నా మీదికి చూపించి హిందీలో గడగడా చెప్పాడు. "ఇతనే. మా టెక్నీషియన్. చాలా అనుభవం ఉంది. ఈ గ్యాస్ పనులు నాకేం తెలియవు, మొత్తం ఇతనే చేశాడు."

విన్నారా? ఏడేళ్ళు రాని మాట, పార్టీలో గొంతు దాటని మాట, ఆరోజు అడక్కుండానే వచ్చేసింది. సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. ఇంకో మనిషి ముందు నన్ను టెక్నీషియన్ అనడం అదే మొదటిసారి.

తనిఖీ ఆయన ఫారం తీశాడు. అనుమతి లేకుండా ఫ్లాటులో గ్యాస్ సిలిండరు అమర్చినందుకు బాధ్యుడు అన్నచోట నా పేరు రాశాడు, పక్కన టెక్నీషియన్ అని రాశాడు. పెన్ను నా చేతికిచ్చాడు. సార్ తెలుగులో, మెల్లగా, "పెట్టు తమ్ముడూ, ఏం కాదు. లెటర్ రేపు పొద్దున్నే" అన్నాడు. అన్న చెప్పిన విమానం కళ్ళ ముందు కదిలింది. సంతకం పెడితే టెక్నీషియన్‌గా ఇంటికి పోతాను. పెట్టకపోతే హెల్పర్‌గా ఇక్కడే ఉంటాను.

జేబులోంచి లేబర్ కార్డు తీసి ఇచ్చాను. బీరు మాట ఎత్తలేదు. ఆయనకున్న బుద్ధి నాకక్కర్లేదు.

తనిఖీ ఆయన కార్డు ముందూ వెనకా చూశాడు. "ఇందులో హెల్పర్ అనుంది. హెల్పర్ చేత గ్యాస్ పని చేయించావా?" అని సార్‌ని అడిగాడు. తనిఖీ ఆయన పెన్ను నా చేతిలోంచి తీసుకుని, టెక్నీషియన్ అన్న ముక్క మీద రెండు గీతలు గీశాడు. నా పేరు కూడా కొట్టేసి సార్ పేరు రాశాడు. హెల్పర్ గ్యాస్ ముట్టుకోకూడదని పైకి అంటూ కింద రాశాడు. తప్పించుకున్నాను. కానీ ఆ రెండు గీతలూ నా ఒంటి మీద గీసినట్టనిపించింది. ఏడేళ్ళు నేను మెకానిక్‌నని మొత్తుకున్నవాణ్ణి, కానని చెప్పే కాగితాన్ని నా చేత్తో నేనే చూపించుకున్నాను.

సార్ సంతకం పెట్టాడు. గంటలో మొత్తం విప్పి సిలిండరు కిందికి పంపాలని చెప్పి తనిఖీ ఆయన పక్క ఫ్లాటుకి వెళ్ళాడు. తలుపు మూసుకోగానే సార్ చెమట తుడుచుకున్నాడు.

"తమ్ముడూ, తొందరగా విప్పెయ్. ఖలాస్, పోనీ దరిద్రం."

నేను స్పానర్లు సంచిలో వేసుకుని, కార్డు జేబులో పెట్టుకున్నాను.

"నేను హెల్పర్నండి. గ్యాసు నేను ముట్టుకోకూడదంట, ఇప్పుడే మీరు సంతకం ఎట్టారు. ఎవరైనా టెక్నీషియన్ని పిలిపించుకోండి."