సేటు కడుపులో ఙా

హుస్సేనీ ఆలంలో మా ఇంటి ఓనరు కిరాణా హోల్‌సేల్ సేటు. ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. మాటల పుట్టుక విషయంలో మాత్రం ఏం పెట్టినా మింగుతాడు. పొద్దున ఫోనులో ఏ చెత్త వస్తే సాయంత్రానికి అదే ఆయన శాస్త్రం.

మా పై గదిలో మణిపూర్ అమ్మాయి అద్దెకు దిగింది. బ్యూటీపార్లర్‌లో పని. ఓ ఆదివారం మేడ మీంచి ఘాటు వాసన వస్తే ఏమిటని అడిగాను. పులియబెట్టిన చేప కాలుస్తోందట. వాళ్ళ భాషలో చేపను "ఙా" అంటారంది. నేను ఎగిరి గంతేశాను. బళ్ళో ఆ అక్షరం దిద్దించి వేళ్ళు విరగ్గొట్టారే గానీ, దానితో మొదలయ్యే మాట ఒక్కటీ చెప్పిన పాపాన పోలేదు. మన దగ్గర పనిలేక పడున్న ఙ అక్కడ చేపై ఈదుతోంది!

ఇక ఊరుకుంటానా? చలికాలం స్వెట్టర్లమ్మే టిబెట్ ఆవిడను అడిగితే "ఞ" అంది. అదీ మన నిరుద్యోగ అక్షరమే. చాంద్రాయణగుట్ట ఆసుపత్రిలో మిజో నర్సు "సఙా" అంది. బర్మాలోనూ ఙానే అని నిఘంటువు చెప్పింది. ఏనాటిదో ఒకే తల్లి మాట ఇన్ని కొండలు దాటి నిలిచింది. పోయి సేటుకు చెప్పాను.

"ఏంది భాయ్, గవన్నీ మన మీనమే. వాళ్ల నోట్ల పడి నలిగింది."

"మరి ‘మీ’ ఏడ పోయింది సేటూ?"

"కొండలెక్కంగ జారిపడ్డది."

మా తాత నిజాం ఏనుగుకు ఉర్దూ నేర్పాడంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడు, నా నోట వచ్చిన ఏకైక నిజానికి పకపకా నవ్వాడు. నవ్వి, ఠక్కున ఆగాడు.

"అంటే పైనుంచి వస్తున్న వాసన చేపదా? మృగశిర దాక టైమిస్తున్న. గది ఖాళీ చెయ్యమను."

ఆ అమ్మాయికి పార్లరు చుట్టుపక్కల అప్పటికే ఎందరో మొహం చూసి తలుపులేశారు. ఇది పోతే ఊరే వదలాలి.

సేటుకు ఉబ్బసం. ఏటా మృగశిర నాడు నాంపల్లిలో చేపమందు లైన్లో నిలబడతాడు. శాకాహారులకు మందు బెల్లంలో పెట్టి ఇస్తారు. ఈయనకది ఆనదు. బతికున్న కొర్రమీను పిల్లనే గొంతులోకి దింపించుకుంటాడు. మందుకు మైల లేదట! ఆ రోజూ మింగి వచ్చి, గడపలోనే అడిగాడు: "పై గది పిల్ల పోయిందా?"

గొంతు తగ్గించాను. "సేటూ, లోపలున్నది పాణమున్న జీవి. పథ్యం రోజులల్ల చేప తినేటోళ్లను ఎల్లగొడితే అలుగుతది, ఎదురీదుతది. ఉప్పుగూడ స్టేషన్ల గిట్లనే ఒకాయన తుమ్మితే పట్టాల మీద పడ్డది, గింత కొర్రమీను!" మోచేతి దాకా చూపించాను.

సేటు ఛాతీ పట్టుకున్నాడు. "ఇప్పుడేం జేయాలె అన్నా?" భాయ్ కాస్తా అన్నయ్యాడు.

"పిల్లను ఉండనియ్యాలె. రోజూ పొద్దుగాల చేపను పేరు పెట్టి పిలువాలె."

"మీనమా అని పిలుస్త."

"గట్లంటె పలుకదు. ఙా అనాలె."

పథ్యం ముగిసినా అమ్మాయి పైనే ఉంది. వచ్చే మృగశిర చేపకు ఈ కబురు ముందే అందుతుందని సేటు చెవిన వేసి ఉంచాను. ఆయన పొద్దున్నే గల్లాపెట్టె ముందు అగరుబత్తి వెలిగించి, పొట్ట నిమురుకుంటూ ముక్కుతో పిలుస్తున్నాడు. తల్లి మాట బాగానే పట్టుబడింది.

మొన్న ఆ అమ్మాయి పనికి పోతూ నా దగ్గర ఆగింది. "అంకుల్, సేట్ రోజూ చేప చేప అంటున్నడు. పాపం, ఒక్క ముక్క ఇచ్చెయ్యనా?"